పప్పన్నం తింటుంటే ఎముక తగిలింది

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో పప్పు, చింతకాయ తొక్కు. అన్నం తింటుంటే నాలుకకు ఏదో గీసుకుంది. కింది చిగురుకు లోపలి వైపున వేలు పెట్టి కదిపితే, బియ్యపు గింజంత తెల్లటి ఎముక ముక్క ఊడి వచ్చింది.

"గిది మటన్ బొక్క ముక్కనే," అన్నాడు మా ఆయన రాజేశం.

"మటన్ వండి వారమాయె. పప్పుల బొక్క యాడికెంచి వచ్చె?"

"అయితే పండ్ల సందుల దాసుకున్నవేమో!"

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ కొద్ది రోజులకే మరో ముక్క వచ్చింది. ఆయన సిరిసిల్లలో మరమగ్గాలు నడుపుతాడు. తెగిన పోగును దూరం నుంచే పట్టే కళ్లు. టార్చి వేసి నా నోట్లోకి చూసి, ఈసారి నవ్వలేదు. "చిగురులకెంచి బొక్క కనవడుతున్నదే," అన్నాడు.

దగ్గర్లోని పళ్ల డాక్టర్ ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్స్ ఇచ్చారు. తగ్గినట్టే తగ్గి, మందులు అయిపోగానే దవడ వాచింది, చీము పట్టింది. క్యాన్సరేమోనన్న భయం ఇద్దరికీ ఉంది. కోరుట్లలో ఉండే మా బిడ్డ సుమలత ఫోన్‌లో నా గొంతు విని, "అమ్మా, రేపే బయలెల్లు," అంది. ముగ్గురం కలిసి జగిత్యాలలో పళ్లు, దవడ చూసే ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం.

ఆమె ఎక్స్‌రే, సీటీ స్కాన్ చూసి, "వేరే గోలీలేమన్న వాడుతున్నరా అమ్మా?" అని అడిగారు.

మణికట్టు విరిగినప్పటి నుంచి ఏళ్లుగా వారానికొకటి మింగుతున్న ఎముకల గోలీ గురించి చెప్పాను. పంటికీ దానికీ సంబంధం ఉంటుందని నేననుకోలేదు.

"గదే కారణం గావచ్చు. ఆస్టియోనెక్రోసిస్ అంటరు. దవడల కొంత బొక్క చచ్చిపోయింది. దాన్ని ఒళ్లే బయటకు నెడుతున్నది. చాలామందికి ఏం కాదు, అరుదుగ ఎవరికో గిట్లయితది."

"బొక్కలు గట్టిపడాలని మింగితే ఊడివడుతున్నయా?" అన్నాడు రాజేశం. డాక్టరమ్మ కూడా నవ్వారు. నేను మాత్రం, "క్యాన్సరా?" అని అడిగేశాను.

"అట్లనిపిస్తలేదమ్మా. అయినా బయాప్సీకి పంపుదం."

మా ఎముకల డాక్టర్‌తో ఆమే మాట్లాడి గోలీ ఆపించారు. మత్తు సూది ఇచ్చి చచ్చిన ముక్కను తీసి కుట్లు వేశారు. ఆ తర్వాత మెత్తటి తిండే. రాజేశం కాచిన రాగి జావలో గరిటె నిలబడింది.

"గిది నాకా, మగ్గం పోగులకు గంజా?"

"తాగే! నువ్వు గూడ గట్టిగైతవు."

బయాప్సీలో క్యాన్సర్ కాదని తేలింది. తిరుగు దారిలో కొండగట్టు గుడి దగ్గర ఆగి దండం పెట్టుకున్నాం.

మధ్యలో ఒకసారి కుట్టు విడిపోయి చిగురు మళ్లీ తెరుచుకుంది. నెలల తరబడి మౌత్‌వాష్‌తో పుక్కిలించాను. మెల్లగా పూడింది. ఇప్పటికీ చెకప్‌కు వెళ్తున్నాను. మొన్న కోరుట్లలో సుమలత చేసిన మక్క గారెలు అందరికంటే ఎక్కువ తిన్నది నేనే.

మీలో ఎవరైనా ఎముకల గోలీ మొదలుపెడుతుంటే ముందు పళ్లు చూపించుకోండి. వాడుతున్నవాళ్లు సొంతంగా ఆపకండి. పళ్ల డాక్టర్ కుర్చీలో కూర్చోగానే ఆ గోలీ పేరు చెప్పండి. నన్ను మొదట ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. వాళ్లు అడగకముందే మీరే చెప్పండి.