పెద్ద టైర్లు

సకల జనుల సమ్మె రోజులు. ఎల్‌బీ నగర్‌లో టైర్ల కొట్టు నడిపే హనుమాండ్లు, పక్కింటి శ్రీరామమూర్తి కోసం షటర్ సగం ఎత్తాడు. దవాఖానకు పోయేటప్పుడు గుంతల కుదుపులకు జబ్బు ముదిరిన భార్య లలితకుమారి నడుం తాళలేకపోతోందని, ఆయన తన చిన్న బ్యాటరీ కారుకు పెద్ద టైర్లు అడిగాడు.

"పెద్దవేస్తే చార్జింగ్ జల్ది అయిపోతది సారూ," అంటూనే హనుమాండ్లు మొహమాటానికి బిగించాడు. చక్రాలతో నిమ్మకాయలు తొక్కించి పంపాడు.

ఆ వారమంతా కరెంటు కోతలే. దవాఖానకు పోతుంటే మూసారాంబాగ్ వంతెన మీద చార్జింగ్ అయిపోయి కారు ఆగిపోయింది. లలితకుమారి ప్రాణం అందులోనే పోయింది. ఆ పూట కాదని ఉంటే బాగుండునని హనుమాండ్లుకు తిండి సయించలేదు.

పెద్దకర్మ అయ్యాక శ్రీరామమూర్తి కారులో వచ్చాడు. హనుమాండ్లు తలెత్తకుండా పాతవి వేయడానికి పెద్ద టైర్లు విప్పబోయాడు.

"వాటినే ఉండనీవయ్యా. 'ఇవాళ ఒక్క కుదుపూ లేదండీ' అంది, చివరిసారి."