పడుగు పాత కొసలు

మొన్న ఏదో కాగితం కోసం ఒక ఆఫీసు కౌంటర్ ముందు నిలబడి ఉన్నాను. అద్దం వెనకాల పాతకాలపు డాట్ మాట్రిక్స్ ప్రింటర్ ఒకటి కర్రుమంటూ మొదలైంది. తల అటు పోయి, ఇటు వచ్చి, కాగితం ఒక గీత పైకి జరిగే ఆ చప్పుడు. ఇంకా బతికే ఉన్నావా తల్లీ అనుకున్నాను. నా వెనక నిలబడ్డ అబ్బాయి చిరాకుగా మొహం పెట్టాడు. నాకు మాత్రం ఆ చప్పుడుకు జోడీగా మరో చప్పుడు వినపడాలనిపించింది. వినపడకపోయేసరికి వెలితిగా తోచింది. ఆ రెండోది మగ్గం చప్పుడు. వరంగల్‌లో మేము అద్దెకున్న ఇంట్లో ఆ రెండూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. ఇటు పక్క నేనూ ప్రింటరూ, అటు పక్క సాంబయ్య పెద్దబాపు.

ఆయన మాకు చుట్టం కాదు, ఇంటి యజమాని. కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. మేము చర్చికి పోయేవాళ్ళం, వాళ్ళు గుడికి పోయేవాళ్ళు. నేను మూడో తరగతిలో ఉండగా అమ్మ దవాఖానలో నర్సుగా వరంగల్‌కు బదిలీ అయి వచ్చి, ముందరి గది అద్దెకు తీసుకుంది. సామాను దించిన రోజే నేను ఆయన్ని పెద్దబాపు అన్నాను, ఆయన నన్ను బిడ్డా అన్నాడు. ఇక ఆ వరస మారలేదు. సోడాబుడ్డి కళ్ళద్దాలు, వాటికి ఒక పక్క కాడ బదులు నల్లదారం. మాట తక్కువ. కోపం అసలు లేదు. తప్పు చేసి తిట్లకు సిద్ధపడి వెళ్ళిన నాలాంటిదానికి ఆ శాంతం ఒక్కోసారి ఒళ్ళు మండించేది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి పెద్దబాపు నేయడం లేదు, విప్పుతున్నాడు. పొద్దున్నుంచి నేసినదంతా ఒక్కొక్క వరుసే వెనక్కి లాగి ఉండ చుడుతున్నాడు. కింద ఎక్కడో ఎరుపు పడాల్సిన చోట నలుపు పడిందట. నాకు కనిపించలేదు. ఆయన వేలు పెట్టి చూపించాక కూడా మొహమాటానికి కనిపించిందన్నాను. విప్పడం దేనికి, పైనుంచి ఎర్రదారంతో కుట్టేస్తే సరిపోదా అని ఉచిత సలహా ఒకటి పడేశాను. ఆయన తల ఎత్తలేదు.

"ఆఖరికి బాగున్న వరుస ఏదో సూసుకోవాలె బిడ్డా. ఆడిదాక పోవుడే. నడుమల కెలికితే ఇంకోటి పాడైతది."

ఆ ఇంట్లో నేను చూసిన పనుల్లో నాకు బాగా ఇష్టమైనది కొత్త పడుగు, అంటే మగ్గం మీది నిలువు దారాల వరస, అతకడం. ఒక పడుగు నేయడం పూర్తయ్యాక పాత దారాలను మొత్తం తీసేయరు. మగ్గంలో, దువ్వెనలాంటి పన్నె పళ్ళ సందుల్లో దూరి ఉన్న కొసలను జానెడు పొడవు వదిలేస్తారు. కొత్త పడుగులోని దారాలను ఒక్కొక్కటిగా ఆ పాత కొసలకు మెలిపెట్టి, మెల్లగా ముందుకు లాగుతారు. పాత దారం తను ఏ సందులోంచి వచ్చిందో, అదే సందులోంచి కొత్తదాన్ని తీసుకుపోతుంది. పెద్దబాపు భార్య పెద్దమ్మ బూడిద అద్దుకున్న వేళ్ళతో గంటల తరబడి అలా మెలిపెడుతూ నాకు ఊరి కబుర్లన్నీ చెప్పేది. కొసలు లేకుండా కోసేస్తే ఏమవుతుందని ఒకసారి అడిగాను. పెద్దబాపు కాళ్ళు మగ్గం కింది గుంటలో పెట్టుకుని కూర్చున్నవాడు నవ్వి, అట్లాంటి పని ఏ నేతగాడూ చేయడన్నాడు. చేస్తే ఏ దారం ఏ సందులోదో ఎవరికీ తెలియదు, వందలకొద్దీ దారాలు మొదటినుంచి ఎక్కించుకోవాలి. అప్పుడు నేను సరే అని తలూపాను. ఏళ్ళ తరవాత సరిగ్గా అదే పని చేశాను.

ఎనభైల చివర్లో నేను డిగ్రీ అయిపోయి, టైపు హయ్యర్ పాసై, హనుమకొండలో ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేసి, ఉద్యోగం లేక ఇంట్లో కూర్చున్నాను. మాకు కెమిస్ట్రీ చెప్పిన రఘునాథ్ సార్ అప్పుడు మిరపకాయ ఎరుపు మీద థీసిస్ రాస్తున్నారు. ఏడాది పాటు హైదరాబాద్‌లో ఉండాల్సి వచ్చి, తన ఇంటి కంప్యూటర్‌నూ ప్రింటర్‌నూ మా గదిలో పెట్టి, టైపు బాధ్యత నాకు అప్పగించారు. పని బాగుంటే ఆ తరవాత కూడా మిషన్ నా దగ్గరే ఉంచుతానని, తోటి లెక్చరర్లందరికీ నా పేరు చెప్తానని మాట ఇచ్చారు. నా బతుకంతా ఆ మాట మీద కట్టుకున్నాను. రిక్షాలో దిగిన పెట్టెలు చూసి టీవీ అనుకున్న వాడకట్టు పిల్లలు మాత్రం ఆదివారం సినిమాకు వచ్చి, మా చాప మీద వరుసగా కూర్చుని, నిరాశపడి వెళ్ళారు.

మొదటిరోజు ప్రింటర్ పని చేస్తుందో లేదో చూడటానికి సార్ ఒక చిన్న ఫైలు అచ్చు వేసి చూపించారు. కంప్యూటర్ తెరుచుకోగానే తనంతట తాను చదువుకునే ఫైలు అది, నాలుగైదు వరుసలు. నేను చదవలేదు. చప్పుడుకే మురిసిపోయాను. అవతల మగ్గం ఆగింది, పెద్దబాపు గుమ్మంలోకి వచ్చాడు. ఆయన మిషన్‌ను చూడలేదు, కాగితాన్ని చూశాడు. పొడవాటి కాగితం, దానిమీద లేత ఆకుపచ్చ పట్టీలు. ఇట్లా గీతలున్న కాగితం బొమ్మ గీసుకోవడానికి పనికొస్తుందని, పారేసేదైతే తనకిమ్మని అడిగాడు. ఇచ్చేశాను.

మూడు నెలలు సాఫీగా గడిచాయి. ఒక గురువారం పొద్దున కంప్యూటర్ తెరుచుకోలేదు. ఏదో ఫైలు దొరకలేదని ఇంగ్లీషులో ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. ఆ ఒక్క ఫైలును ఫ్లాపీలోంచి మళ్ళీ కాపీ చేస్తే సరిపోయేది. ఆ సంగతి నాకు తరవాత తెలిసింది. కోర్సులో మాకు గట్టిగా నేర్పిన విద్య ఒక్కటే, ఫార్మాట్. థీసిస్ అంతా ఫ్లాపీల్లో విడిగా ఉంది కదా అన్న ధీమాతో హార్డ్ డిస్క్ మొత్తం తుడిచేసి, కంప్యూటర్‌ను నడిపే డాస్‌ను కొత్తగా ఎక్కించాను. ఇల్లు అలికినంత హాయిగా అనిపించింది. అన్నీ తెరుచుకున్నాయి, టైపు ప్రోగ్రాం కూడా వచ్చింది. ప్రింటర్ మాత్రం ఉలకలేదు, పలకలేదు.

ఆదివారం మధ్యాహ్నం సార్ వచ్చి మూడు అధ్యాయాల అచ్చు ప్రతి తీసుకుపోవాలి. సోమవారం అది వాళ్ళ గైడ్ చేతిలో ఉండాలి. నేను తీగ ఊడదీసి పెట్టాను, రిబ్బన్ మార్చాను, డాస్‌ను రెండోసారి ఎక్కించాను, ప్రింటర్ వెనక ఉన్న బుల్లి మీటలన్నీ అటూ ఇటూ తిప్పి మళ్ళీ మొదటికి తెచ్చాను. శుక్రవారం సార్ హాస్టల్‌కు ఫోన్ చేస్తే, ఊళ్ళో లేరని, అటునుంచి అటే వరంగల్ వస్తారని వాచ్‌మన్ చెప్పాడు. ఎందుకో కొంచెం ఊపిరి పీల్చుకున్నాను, నా తెలివితక్కువతనం ఆయనకు ఇప్పుడే చెప్పనక్కర్లేదు కదా అని. శనివారానికి ఒక విషయం లీలగా గుర్తొచ్చింది. ఈ ప్రింటర్‌కు అక్షరాలు ఏ తీగ గుండా వస్తాయో, ఎంత వేగంతో వస్తాయో కంప్యూటర్‌కు రోజూ మొదట్లోనే చెప్పాలి. సార్ అది ఏదో ఫైలులో రాసిపెట్టారు. నేను తుడిచిపారేశాను. ఊహించి రాస్తే ప్రింటర్ కదిలింది గానీ, పేజీ నిండా చీమలు పాకినట్టు పిచ్చి గుర్తులు పడ్డాయి.

మగ్గం ఆపి పెద్దబాపు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇది పొద్దటి సంది ఏరే తీరు గీకుతాంది. ఏం జేసినవ్ బిడ్డా?"

లోపలున్నదంతా తీసేసి కొత్తగా పెట్టానని చెప్పాను.

"పాత కొసలు ఉంచినవా?"

పదేళ్ళకు పైగా ఆ ఇంట్లో కొసలు అతకడం చూసినదాన్ని నేను. లేదని తల అడ్డంగా ఊపి, అక్కడే ఏడ్చేశాను. ఆయన ఓదార్చలేదు, తిట్టలేదు. గడప మీద కూర్చుని, "ఫికర్ చెయ్యకు. ఆఖరికి బాగున్న వరుస ఏది, గది సోంచాయించు" అన్నాడు, అదొక్కటే ఆలోచించుకోమన్నట్టు. బాగున్న వరుసలన్నీ నేనే తుడిచేశాను కదా అని కసురుకోబోయాను. అప్పుడు తట్టింది. ఆ ఫైలు ఒక్కసారి, ఒకే ఒక్కసారి బయటికి వచ్చింది. మొదటిరోజు, కాగితం మీద. ఆ కాగితం ఏదని అడిగాను.

ఆయన లోపలికి వెళ్ళి ఒక అట్ట తెచ్చాడు. మగ్గం మీదున్న జంపఖానా బొమ్మ అది. అంచు, నాలుగు మూలల పువ్వులు, నడుమ పెద్ద నక్షత్రం, గళ్ళు గళ్ళుగా రంగులు నింపి ఉన్నాయి. కాగితం కదలకుండా మైదా గంజితో అట్టకు అతికించాడు, అచ్చు పడ్డ వైపు కిందికి. దారాలు లెక్కపెట్టి పెట్టి నెలరోజులు గీసిన బొమ్మ. మూలల పువ్వులు నేయడం అయింది, నక్షత్రం ఇంకా మొదలుపెట్టలేదు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. వద్దు పెద్దబాపూ, సార్‌కు నిజం చెప్పేస్తానన్నాను.

"సుక్క నా కండ్లల్ల ఉన్నది బిడ్డా" అని, ఆయన చెంబుతో నీళ్ళు తెచ్చి అట్ట మీద పోశాడు.

ఎరుపూ నలుపూ కలిసి కారిపోయాయి. ఆయన కాగితాన్ని అంగుళం అంగుళం లేపి, తిరగేసి, ఎండకు పట్టి చూపించాడు. నాకు కావలసిన రెండు వరుసలూ ఉన్నాయి. నేను వేగాన్ని 9600 అనుకుని రాశాను, అక్కడ 2400 అని ఉంది. అది దిద్దాను. చీమలన్నీ అక్షరాలైపోయాయి. ఆదివారం సార్ వచ్చేసరికి మూడు అధ్యాయాలూ పొందికగా సర్ది ఉన్నాయి. జరిగిందంతా చెప్పాను. ఆయన నవ్వి, ఈసారి ఆ ఫైలు రెండు ఫ్లాపీల్లో పెట్టుకోమన్నారు. మిషన్ నా దగ్గరే ఉండిపోయింది.

ఆ వారమంతా నా ప్రింటర్ హుషారుగా మోగుతుంటే, గోడకు అవతలి చప్పుడులో తేడా వచ్చింది. కాసేపు నేత, ఆ తరవాత చాలాసేపు నిశ్శబ్దం. బుధవారం వెళ్ళి తొంగి చూశాను. పెద్దబాపు నక్షత్రాన్ని విప్పుతున్నాడు. అది రెండోసారి అని పెద్దమ్మ మెల్లగా చెప్పింది. గుర్తున్న లెక్క ఒక రెక్క దగ్గర తప్పిపోతోందట. నాతో ఒక్క మాట కూడా అనలేదు ఆయన. నా రెండు వరుసల కోసం తన బొమ్మను నీళ్ళలో కలుపుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను, ఆ మనిషి మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. ఎరుపుకు ఒక అక్షరం, నలుపుకు ఒక అక్షరం, తెలుపుకు చుక్క. ఆయన కళ్ళు మూసుకుని వరుస వరుసగా చెప్పాడు, నేను కొట్టాను. తెర మీద సగం నక్షత్రం లేచేసరికి తప్పిన రెక్క ఆయనకే కనిపించింది. అక్కడిదాకా తుడిచి, మళ్ళీ చెప్పాడు. అచ్చు వేసి చేతికిచ్చాను. దాన్ని అతికించుకునే ముందు ఆయన కాగితాన్ని తిరగేసి వెనక చూశాడు.

"ఎనక నీదేమన్న ఉన్నదా బిడ్డా? మల్ల కావాల్సి వస్తదేమో."

ఏమీ లేదన్నాను. ఇంకో ప్రతి తీసి నా దగ్గర పెట్టుకోమని చెప్పి, అప్పుడు గానీ గంజి గిన్నె దగ్గరికి వెళ్ళలేదు. ఆ తరవాత పదకొండేళ్ళు ఆయన నేసిన ప్రతి బొమ్మకూ ఒక ప్రతి నా కాగితాల ఫైలులో ఉండేది. ఆయన పోయాక ఆ ఫైలును వాళ్ళ పెద్దమ్మాయికి అప్పగించాను. ఒక్కటి మాత్రం ఇవ్వలేదు.

ఆ తడిసిన మొదటి కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. కంప్యూటర్ మీద ఎన్నో ఏళ్ళు పని చేశాను, ఎందరికో నేర్పాను. ఏ మిషన్ తుడవాల్సి వచ్చినా ముందు అందులో ఉన్నదంతా ఒక కాగితం మీద రాసుకుంటాను. పిల్లలు నవ్వుతారు, నవ్వనీ. మొన్న కౌంటర్ దగ్గర నుంచి ఇంటికి వచ్చి ఆ కాగితం బయటికి తీశాను. ఒక వైపు వెలిసిపోయిన రెండు వరుసలు. మరో వైపు, రంగులు కారి గళ్ళ లెక్క చెరిగిపోయినా, ఎండకు పట్టుకుంటే ఆయన పెన్సిలుతో గీసిన నక్షత్రం ఇంకా కనిపిస్తుంది. ఎనిమిది రెక్కలూ ఉన్నాయి.