జాంగ్రీకి త్రేన్పు

నేనొకసారి పాముపిల్లను భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించబోయాను. ఈ ఒక్క వాక్యంతో నా మీద మీకున్న గౌరవం పోకపోతే కంగారుపడకండి, చివరికల్లా పోతుంది.

దేశం కాని దేశంలో, హౌన్స్‌లోలో నలుగురం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. పక్క గదిలో సాయి, వరంగల్ వాడు. ఇల్లు గుర్తొచ్చినప్పుడు మేమంతా టేకవే బిర్యానీ తెప్పించుకుంటే, వాడు పామును తెచ్చుకున్నాడు. విషం లేని జాతి. పెన్సిలంత లావు, నారింజ రంగు, చుట్ట చుట్టుకుంటే అచ్చం జాంగ్రీ. పేరూ అదే పెట్టాడు. వచ్చిన కొత్తలో అది తిండి ముట్టక వాడి కంట నీళ్లు పెట్టించి, ఈ మధ్యే తినడం మొదలుపెట్టింది.

ఒక శుక్రవారం వాడు ఇంటర్వ్యూకని కేంబ్రిడ్జ్ బయల్దేరాడు. డ్యూటీ రోటాలో నాకు ఆ రోజు సెలవు. జాంగ్రీ నా నెత్తిన పడింది.

"ఫ్రీజర్ల ఎలుకపిల్ల ఉంది. కవర్‌తోనే గోరువెచ్చని నీళ్లల్ల ఉంచి, మెత్తగైనంక పెట్టు. తిన్నంక రెండ్రోజులు ముట్టకు. కదిలిస్తే కక్కేస్తది. చిన్నది భై, కక్కితే పానం మీదికొస్తది."

"పామును ముట్టుకోవద్దని నాకు చెప్పాలా?" అన్నాను. ఇలాంటి మాటలన్నవాళ్లకు ఆ తర్వాత ఏమవుతుందో మీకు తెలియనిది కాదు.

జాంగ్రీ తిన్నది. నడుమ బుడిపె లేచింది. అరగంటైనా బుడిపె అక్కడే. ఇంతలో నోరు బార్లా తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. మింగాక దవడలు సర్దుకోవడానికి పాములు అలా ఆవులిస్తాయని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఊపిరాడక పోతోందనుకున్నాను. సాయి ఫోన్ ఆఫ్. కాకినాడలో ఉన్న అమ్మకు చేశాను. బల్లిని చూస్తేనే వీధిలోకి పరిగెత్తే మనిషికి పామని ఎలా చెప్పను?

"అమ్మా, ఫ్రెండ్ వాళ్ల పాపని చూసుకుంటున్నా. తిన్నాక పొట్ట ఉబ్బింది. నోరు తెరుస్తోంది."

"పాప పేరేంట్రా?"

"జాంగ్రీ."

"ఏం పేర్లో ఏంటో! సరే, భుజాన వేసుకుని వీపు తట్టు. తేన్పొస్తే సర్దుకుంటుంది."

"వీపంటే ఎక్కణ్ణుంచి?"

"మెడ కింద్రా మొద్దూ!"

పాముకు మెడ కింద నుంచి తోకదాకా వీపే. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, జాంగ్రీని ఎడమ భుజాన వేసుకుని, ఒక్క వేలితో తట్టాను. జోలపాట కూడా ఎత్తుకున్నాను. పాముకు పాలు పోస్తే విషం కక్కుతుందంటారు. జో కొడితే ఎలుకను కక్కుతుంది.

"కక్కిందమ్మా!"

"పాలేనా?"

"ఎలుక."

"అయ్యబాబోయ్! పసిగుడ్డుకి ఎలుక పెట్టిందెవత్తిరా?"

నిజం చెప్పేశాను. అవతల ఏదో గిన్నె పడ్డ చప్పుడై, ఫోన్ కట్ అయింది.

సాయంత్రం సాయి ఫోన్‌లో దొరికాడు. "ముట్టినవా?"

"భుజాన వేసుకున్నానంతే."

వాడు తిట్టలేదు. తిడితే బావుండేది. "ఇగ ముట్టకు. వెచ్చగుంచు, నీళ్లు పెట్టు. పది రోజులు తిండి బంద్," అన్నాడు.

ఆ పది రోజులూ ఆ గది ముందు నుంచి పిల్లుల్లా నడిచాం. పదకొండో రోజు సాయి ఇంకా చిన్న ఎలుకపిల్లను పెట్టాడు. జాంగ్రీ మింగింది. మేం బుడిపెకు కాపలా కాశాం. నాలుగో రోజున రెట్ట వేసింది. సాయి నన్ను వాటేసుకున్నాడు. కేంబ్రిడ్జ్ ఉద్యోగం వచ్చినప్పుడు కూడా వాడంత సంబరపడలేదు.

అమ్మ ఫోన్ చేసింది. "జాంగ్రీకి అరిగిందా?"

"అరిగిందమ్మా."

"మళ్లీ తట్టలేదు కదా? నీది మీ నాన్న చెయ్యి. ఆయన తట్టినప్పుడల్లా నువ్వూ కక్కేవాడివి."

కాబట్టి నా ఎడమ భుజం సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: తిన్న ప్రాణిని దేన్నీ రెండు రోజులదాకా ముట్టను. మొన్న సాయి కడుపు నిండా బిర్యానీ తిని షేక్‌హ్యాండ్ ఇవ్వబోతే, దూరం నుంచే దణ్ణం పెట్టాను.