తన పన్ను తానే కట్టుకున్న ఏవ్రిల్

హల్ రేవులో హెస్సిల్ రోడ్డు మొత్తం మీద ఏవ్రిల్ స్టేదర్స్‌తో వాదించి నెగ్గినవాళ్ళు లేరు. మొగుడు కెన్ చేపల ఓడ మీద పనివాడు. మూడు వారాలు సముద్రంలో, మూడు రోజులు ఇంట్లో. ఆ మూడు వారాలూ ఇల్లు, పిల్లవాడు, అద్దె, బొగ్గు, అన్నీ ఆమె చేతిమీదే నడిచేవి. పగలంతా షెడ్డులో నిలబడి ఓడలకి వలలు అల్లేది. వలల పని పోయాక చేపల ఫ్యాక్టరీలో చేరింది. ఒకరి దగ్గర చెయ్యి చాచింది లేదు. అలాంటి మనిషిని పట్టుకుని, డెబ్బై దాటాక, బకాయిదారు అన్నారు పన్నువాళ్ళు. ఇంకేముంది!

తప్పు ఆవిడదే, ఆ మాట ముందే చెప్పేస్తాను. సర్కారు ఇచ్చే పింఛను ఒక్క పెన్నీ కూడా కొయ్యకుండా నిండుగా బ్యాంకులో పడుతుంది. కొయ్యలేదు కాబట్టి పన్ను లేదని ఆవిడ అనుకుంది. కెన్ పోయాక ఆయన పింఛనులో కొంత ఈవిడకి కలిసింది. దానికి తోడు ఫ్యాక్టరీ పింఛను. అన్నీ కలిపితే పన్ను లేని హద్దు దాటిపోయింది, దాటినదాని మీద పన్ను పడింది. దాదాపు నాలుగు వందల పౌండ్లు కట్టమని ఉత్తరం వచ్చింది. ఏవ్రిల్ ఏం చేసిందో తెలుసా? ఆ ఉత్తరం మీదే అడ్డంగా, ఎర్ర సిరాతో, ‘నా స్టాంపు నేను కట్టాను’ అని రాసి వాళ్ళకే తిప్పి పంపింది.

ఆవిడ ఈడువాళ్ళకి అదొక పట్టుదల. వాళ్ళ రోజుల్లో వారం వారం జీతంలో కొంత పట్టుకుని కార్డు మీద స్టాంపు అంటించేవారు. ఎన్ని స్టాంపులుంటే అంత పింఛను. అంచేత పింఛనంటే తాము దాచుకున్న సొమ్మే అని, దాని మీద పన్నేమిటని ఆ వీధిలో సగం మంది ఇప్పటికీ వాదిస్తారు. స్టాంపు లెక్క వేరు, పన్ను లెక్క వేరు అంటే ఎవరు వింటారు? ఆవిడా వినలేదు. కొన్ని నెలలకి ఇంకో ఉత్తరం వచ్చింది, ఆలస్యానికి జరిమానా కలిపి.

ఆ ఆదివారం కొడుకు షాన్ భోజనానికి వచ్చి ఆ ఉత్తరం చూశాడు, మొదటిది తిప్పి పంపిన సంగతీ విన్నాడు. వాడికి అదే రోడ్డు మీద తివాచీల కొట్టుంది.

“ఏంటమ్మా ఇది? నాకెందుకు చెప్పలేదు?”

“నీ పేరుందా దాని మీద?”

“అది కాదమ్మా. ఇకనుంచీ ఈ కాగితాలు, బ్యాంకు కార్డు నా దగ్గర పెట్టెయ్. అన్నీ నేనే చూసుకుంటా. ఈ వయసులో నీకెందుకీ తలనొప్పి?”

“తల నాది, నొప్పీ నాదే. ఆ బంగాళదుంపలు ఇటు జరుపు.”

వాడు గిన్నె జరిపి తినడంలో పడ్డాడు. ఏవ్రిల్ మాత్రం తన పళ్ళెం పక్కకి నెట్టేసింది. కార్డు ఇచ్చేస్తే ఇక మిగిలేదేమిటి? రొట్టె కొనుక్కోవాలన్నా కొడుకుని అడగాలి. ఆవిడకి నిజంగా భయం వేసింది, ఆ భయం మీద కోపం వచ్చింది.

మర్నాడు ఉత్తరం సంగతి విని, పుండు మీద కారం చల్లడానికి ఆడపడుచు నోరీన్ వచ్చింది. పెళ్ళయిన ఆడవాళ్ళకి అప్పట్లో చిన్న స్టాంపు అని ఉండేది. జీతంలో కోత తక్కువ, కానీ తన పేరున పింఛను రాదు, మొగుడి లెక్కలోంచి రావలసిందే. షెడ్డులో పెళ్ళయినవాళ్ళంతా దానికే సంతకం పెట్టారు. ఏవ్రిల్ ఒక్కతే పెట్టనంది. “నేనున్నాగా!” అని కెన్ అరిచాడు. “ఉంటావు, మూడు రోజులు,” అంది.

“చూశావా వదినా!” అంది నోరీన్ టీలో బిస్కెట్టు ముంచుతూ. “నాలాగా చిన్న స్టాంపు కట్టుంటే ఈ గొడవే లేదు. నాకు పన్నూ లేదు గిన్నూ లేదు.”

“పన్ను లేనిది డబ్బు లేక, నోరీన్. దానికి కూడా గొప్పలేనా?”

నోరీన్ మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. తాను అన్న మాట ఏవ్రిల్‌కే తగిలింది. ఉన్నదాని మీదే కదా అడుగుతున్నారు! అయితే కడదాం, కానీ తన చేత్తో. వెంటనే పన్నువాళ్ళకి ఫోను చేసింది. ఆ దిక్కుమాలిన సంగీతం చెవిలో మోగి మోగి, చివరికి ఒక అమ్మాయి పలికింది. ఓపికగా అంతా విడమరిచి చెప్పింది.

“అంటే ఇన్నేళ్ళూ నేను తప్పనుకున్నానన్నమాట.”

“చాలామంది అలాగే అనుకుంటారండీ. ఒక్కసారి కట్టడం కష్టమైతే వాయిదాల్లో కట్టొచ్చు. కష్టంగా ఉందాండీ?”

“కష్టం కాదమ్మాయ్, కోపం. దానికి మీ కాగితంలో గడి ఉందా?”

“లేదండీ,” అని నవ్వింది ఆ అమ్మాయి. “ఉంటే అందరూ అందులోనే టిక్కు పెడతారు. ఇకముందు మీ ఫ్యాక్టరీ పింఛనులోంచే నెలనెలా పట్టుకుంటారు, మీకీ బాధ ఉండదు. ఇక ఈ బకాయి... ఉండండి. ఇది కట్టేసినట్టుందే! జరిమానాతో సహా, నిన్న సాయంత్రం.”

ఏవ్రిల్ ఫోను పెట్టేసింది. ఎవరు కట్టారో అడగక్కర్లేదు. ఒళ్ళు మండిపోయింది.

కోటు తొడుక్కుని తిన్నగా బ్యాంకుకి వెళ్ళింది. విదర్న్‌సీ తీరంలో వారం రోజులు సరదాగా గడపడానికి కారవాన్ అనే బండిల్లు అద్దెకని దాచిన డబ్బు మొత్తం తీసింది. అక్కణ్ణుంచి షాన్ కొట్టుకి వెళ్ళింది. మెట్లకి తివాచీ చూసుకుంటున్న మొగుడూ పెళ్ళాల వెనక వరసలో నిలబడింది, అందరిలాగే.

“అమ్మా! లోపలికి రా, ఇక్కడ కాదు.”

“ఇక్కడే. నా వంతు రానీ.” వంతు వచ్చాక కవరు బల్ల మీద పెట్టింది. “లెక్కపెట్టుకో. రసీదు రాయి.”

“కారవాన్ డబ్బేనా ఇది? అమ్మా, నీ కోసమే కదా కట్టాను!”

“నన్నడిగావా?”

“అడిగితే ఒప్పుకుంటావా?”

“ఒప్పుకోను. అది తెలిసే కదురా అడగలేదు!”

ఆ మొగుడూ పెళ్ళాలు తివాచీ ముక్కని మహా శ్రద్ధగా నలుపుతున్నారు. షాన్ మొహం కందిపోయింది. గొంతు తగ్గించాడు.

“నాకు భయమేస్తోందమ్మా. ఇవాళ పన్ను ఉత్తరం. రేపింకేం తిప్పి పంపుతావో.”

వాడి కళ్ళలో నీళ్ళు చూసి ఆవిడ గుండె కలుక్కుమంది. అయినా కవరు వెనక్కి తీసుకోలేదు.

“భయపడు. కొడుకువి, భయపడక ఏం చేస్తావు? కానీ నా పర్సు ముట్టుకోకు. రాయి.”

రాశాడు. ఏవ్రిల్ కళ్ళజోడు పెట్టుకుని చదివి, కాగితం వెనక్కి తోసింది.

“‘అమ్మ నుంచి ముట్టింది’ అంటే? ఏ అమ్మ? పేరు రాయి, నిండుగా.”

ఏవ్రిల్ స్టేదర్స్ అని రాశాడు. ఆవిడ ఆ రసీదు తీసుకుని సంచిలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళింది.

“ఆదివారం రానా, వద్దా?” అన్నాడు వెనకనుంచి, చిన్న పిల్లవాడిలాగా.

“రా. భోజనం వేళకి కాదు, పొద్దున్నే రా. కాగితాలన్నీ తీస్తాను. నా పక్కన కూర్చుని చదువు, ఏదైనా తప్పుంటే చెప్పు, వింటాను. సంతకం మాత్రం నాది.”