పుష్పాబాయి వదులుకున్న సీటు

త్రిపురారం పక్క లంబాడీ తండాలో పుట్టిన పుష్పాబాయి ఎంబీబీఎస్ పూర్తిచేసి, మిర్యాలగూడలో పెద్ద డాక్టర్ కృష్ణమూర్తి నర్సింగ్ హోమ్‌లో డ్యూటీకి చేరిన రోజున తండాకు తండా అంతా ట్రాక్టరెక్కి చూడటానికి వచ్చింది. ఇక అప్పటి నుంచి జ్వరమొచ్చినా, పురుగు కరిచినా వాళ్లు ఇంకో దవాఖాన గడప తొక్కలేదు. తండాల పద్ధతే అంత. తండా పెద్ద నాయక్ ఒక డాక్టర్ పేరు చెప్పాడంటే ఇళ్లన్నీ అక్కడికే. కాన్పులకు మాత్రం రారు. మగ డాక్టర్ ముందు పడుకోవడమా, అమ్మో! అలా రాకనే పుష్పాబాయి అక్క సక్కుబాయి, బిడ్డ అడ్డం తిరిగి, కాలువ కట్ట మీద ఎడ్లబండిలోనే ప్రాణం విడిచింది. అందుకే పుష్పాబాయిది ఒకటే పంతం. పై చదువంటూ చదివితే కాన్పుల డాక్టరే కావాలి.

1991లో పీజీ ఎంట్రన్స్‌లో మంచి ర్యాంకు వచ్చింది. విజయవాడలో కౌన్సెలింగ్. ఏ సీటు ముందు అడగాలి, అది దొరక్కపోతే ఏది అని మనసులో వరుస పెట్టుకుంది. కాన్పుల చదువు గైనిక్ మొదటిది, వరంగల్ అయినా సరే, కర్నూలు అయినా సరే. తర్వాత పిల్లల వైద్యం. మత్తు డాక్టర్ చదువు అట్టడుగున. ఆ మాట కృష్ణమూర్తికి చెప్పకుండా బస్సెక్కడానికి మనసొప్పలేదు. ఆయన ఇంట్లో అన్నం తిన్న పిల్ల మరి.

ఆయన అంతా విని, ఆ వరుసను నిదానంగా తలకిందులు చేశాడు.

"గైనిక్ సదివి ఏం జేస్తవ్ బిడ్డా? సొంత దవాఖాన కావాలె, ఆపరేషన్ థియేటర్ కావాలె. నీకు ఎవలు కట్టిస్తరు? మత్తు డాక్టర్‌వి అయితే సూర్యాపేట, కోదాడ అంతా నీ కోసమే ఎదురు సూస్తరు. నా కన్నబిడ్డ అయినా గిదే జెప్తుంటి."

కన్నబిడ్డ అన్నాడండీ! ఆ ఒక్క మాటకు కరిగి నీరైపోయింది పిచ్చిది. కోదాడలో బస్సు మారుతున్నప్పుడు కూడా మనసు పీకుతూనే ఉంది. తన పేరు పిలిచేసరికి వరంగల్ గైనిక్ సీటు బోర్డు మీద అలాగే ఉంది. ఏది కావాలమ్మా అన్నారు. మత్తు సీటు అడిగింది. గైనిక్ ఉంది కదా అని అక్కడి గుమాస్తాయే ఆశ్చర్యపోయాడు.

చదువు ముగించుకుని తిరిగొచ్చేసరికి నర్సింగ్ హోమ్‌కు కొత్త అంతస్తు లేచింది. కృష్ణమూర్తి కోడలు అరుంధతి కాన్పుల డాక్టరుగా కూర్చుంది. బయట బోర్డు మీద మాత్రం పుష్పాబాయి పేరే పెద్దక్షరాల్లో రాయించారు. ఇంకేం, తండాలు కదిలాయి. మన పుష్ప ఉంది కదా అని ఆడవాళ్లు కాన్పులకు రావడం మొదలుపెట్టారు. పుష్ప వాళ్ల నడుముకు మత్తు సూది వేసేది, అరుంధతి బిడ్డను తీసేది. అయినా సార్ తన మంచికే చెప్పాడని సర్దిచెప్పుకుంది.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర, సూర్యాపేట నుంచి వచ్చిన చుట్టం సుధాకర్‌తో కృష్ణమూర్తి నవ్వుతూ అన్నాడు. పుష్పాబాయి అక్కడే కూర్చుని తింటోంది.

"ఈమెను గైనిక్ సదవనిస్తే మా ఎదురుంగనే బోర్డు పెడుతుండె. తండాలన్నీ ఈమె ఎంటనే పోతుండె. ఇగ మా కోడలు ఏం జేయాలె? అందుకే మత్తు దిక్కు తిప్పిన."

చుట్టం కూడా నవ్వాడు. ఆ మాట ఆమె ముందు అనకూడదని కూడా ఆయనకు తోచలేదు, చూడండి! పుష్పాబాయి చేతిలోని ముద్దను కంచంలో పడేసింది. ఒళ్లంతా భగ్గుమంది. మొహాన తిట్టిపోసినా ఇంత బాధ ఉండేది కాదు. నమ్మించి గొంతు కోశాడు. కోసింది తన ఒక్కదాని గొంతే కాదు, ఇన్నాళ్లూ తనను చూపించి తండానంతా లాక్కున్నాడు.

చేయి కడుక్కుని వరండాలోకి వచ్చింది. తల్లి సుక్కి, నెలలు నిండిన కోడలిని వెంటబెట్టుకుని, తండా ఆడవాళ్లతో కూర్చుని ఉంది. నా పేరు చూసి ఇక్కడికి రావొద్దని పుష్పాబాయి అందరికీ చెప్పింది. బిడ్డను తీసేది తాను కాదని, ఆ పని తనకు రాదని, ఇప్పుడు సర్కారు దవాఖానలో కూడా ఆడ డాక్టర్ ఉందని, అక్కడికి తానే తీసుకుపోతానని చెప్పింది. వెనక గుమ్మంలో కృష్ణమూర్తి, తానేం తక్కువ చేశానో అర్థంకాక నిలబడిపోయాడు.

సుక్కికి ఇదంతా ఎక్కలేదు. కూతురి భుజం మీద చెయ్యి వేసింది.

"రాకపోతే నేర్సుకో బిడ్డా. గంత సదువు సదివినవ్, గిదెంత నీకు?"

పుష్పాబాయి అందరూ చూస్తుండగా అక్కడే కూలబడి బావురుమంది. ఆ నిండు చూలాలే నడుం పట్టుకుని వంగి, ఆమె కన్నీళ్లు తుడిచింది.