పిన్ని ప్లేటు నేనే చూశాను

బుధవారం పొద్దున బాబాయి ఫోన్ చేసి, "మీ పిన్ని వెళ్ళిపోయిందమ్మా" అన్నాడు. అప్పుడు నేను కింద ల్యాబ్‌లో ఉన్నాను. "సరే బాబాయ్" అని ఫోన్ పెట్టేసి, చేతిలో ఉన్న రిపోర్టు పూర్తిచేసి సంతకం పెట్టాను. ఆ తర్వాతే మెట్లెక్కి ఐసీయూకి వెళ్ళాను. పదమూడు రోజులైంది. ఇంకా ఏడుపు రాలేదు.

పిన్ని రాయ్‌పూర్‌లో ఇదే ఆస్పత్రిలో, ఇదే సూక్ష్మజీవుల ల్యాబ్‌లో పనిచేసి రిటైరయింది. మావి శ్రీకాకుళం నుంచి రైల్వే ఉద్యోగాలకొచ్చి ఈ ఊళ్ళోనే గుఢియారీలో స్థిరపడ్డ కుటుంబాలు. నాకు ఈ పని నేర్పింది ఆవిడే. ట్యూబ్‌లైటును నమ్మేది కాదు. బ్యాక్టీరియాను పెంచే ప్రతి ప్లేటునూ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఒక కన్ను మూసి చూసేది.

నేను చేరిన కొత్తలో ఒకే వార్డులోని ఇద్దరు రోగుల్లో రెండు వేర్వేరు జాతుల బ్యాక్టీరియా దొరికింది. రెండూ సరిగ్గా ఒకే రకం మందులకు లొంగడంలేదు. అదెలా అని అడిగాను.

"పక్కపక్కన బతికితే చాలే. ఒకటి సన్నటి పోగు చాపి రెండోదాన్ని దగ్గరికి లాక్కుంటాది. మందుని తట్టుకునే జన్యువులకి నకలు తీసి ఇచ్చేస్తాది. జాత్ వేరయినా ఇస్తాది. జబ్బు ముదరబెట్టే గుణాలూ అలాగే దాటిపోతాయి" అంది. మళ్ళీ తనే, "మనుషులకే అన్నీ తెలుసనుకుంటాం" అని నవ్వింది.

పోయిన నెల పిన్నికి పిత్తాశయంలో రాళ్ళకి ఆపరేషన్ అయింది. నాలుగో రోజు చలిజ్వరం. రక్తం పరీక్షకి పంపారు. ఆ ప్లేటు నా బల్ల మీదికే వచ్చింది. మందు పనిచేస్తే, ప్లేటులో పెట్టిన ఆ మందు బిళ్ళ చుట్టూ బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం ఉంటుంది. ఒక్క బిళ్ళ చుట్టూ కూడా ఖాళీ లేదు. పేరు మరోసారి చదివాను. పరీక్ష మళ్ళీ పెట్టాను. మర్నాడూ అంతే.

పైన వార్డుకి వెళ్తే, "ఏటొచ్చిందే?" అంది.

"ఇంకా అవలేదు పిన్నీ."

"నాకా చెప్తావు? నిన్నటికే అయిపోయుంటాది. సచ్ చెప్పు."

ఏ మందుకీ లొంగడంలేదని చెప్పాను.

"అన్నిటికీనా?"

"అన్నిటికీ."

పిన్ని తల తిప్పి పక్క మంచం వైపు చూసింది. దగ్గర్లోని మందిర్ హసౌద్ ఊరి నుంచి వచ్చిన అమ్మాయి, కాన్పు కష్టమై చేరింది. "ముందు నన్ను వేరే కమరాలో ఒక్కదాన్నీ పడీమని చెప్పు. దానికి పసిబిడ్డుంది" అంది.

"అక్కడికి మమ్మల్ని రానివ్వరు పిన్నీ."

"తెలుసులే. ఆ రూలు పెట్టించింది నేనే."

ఆ సాయంత్రమే ఐసీయూలోని విడి గదికి మార్చారు. ఆ ప్లేటులో పెట్టని ఒకటి రెండు గట్టి మందులు కలిపి ఇచ్చి చూశారు. జ్వరం దిగలేదు, తర్వాత కిడ్నీలు ఆగిపోయాయి. ఆ అమ్మాయి పరీక్షలు రెండుసార్లు నేనే చేశాను. ఏమీ పెరగలేదు. బిడ్డనెత్తుకుని ఇంటికి వెళ్ళింది.

పిన్ని పోయే ముందురోజు, మంగళవారం మధ్యాహ్నం, ఆ గది అద్దం బయట నిలబడ్డాను. పిన్ని ముఖానికి ఆక్సిజన్ మాస్కు. ఒక సిస్టర్ వేరే మంచం దగ్గర్నుంచి హడావిడిగా లోపలికొచ్చి సెలైన్ గొట్టం అందుకోబోయింది. పిన్ని చెయ్యెత్తి ఆపింది. మాట రాలేదు. రెండు అరచేతులూ దగ్గరికి తెచ్చి మెల్లగా రుద్ది చూపించింది. సిస్టర్ ఆగి, వెనక్కి తిరిగి కుళాయి దగ్గరికి వెళ్ళింది. ఆమె చేతులు కడుక్కుని నీళ్ళు కట్టేసేదాకా దుప్పటి మీద పిన్ని చేతులు ఒకదాన్నొకటి రుద్దుకుంటూనే ఉన్నాయి.