మెల్లగా లేవడం నేర్చుకున్న మా వియ్యపురాలు

పోయిన మంగళవారం పొద్దున మా వియ్యపురాలు చనిపోయింది. బూర్గంపాడులో మా ఇంటికి రెండిళ్ల అవతలే ఉండేది. ఇన్నేళ్లూ "జల్దీ లేవకే అమ్మా" అని కేకలేసిన మా కోడలు, ఆ రోజు తల్లికి చాయ్ తీసుకెళ్లి "లేవవే అమ్మా" అని ఏడుస్తుంటే విని పరుగెత్తాను. నిద్రలోనే వెళ్లిపోయింది.

నేను ఎవరినీ ఆటపట్టించకుండా వదలను. నాకు ఎదురు జవాబిచ్చేది మాత్రం ఆమె ఒక్కతే. ఎప్పుడు చూసినా బుగ్గన ఎండు ఉసిరి ముక్క ఉండేది.

"ఏంది వియ్యపురాలా, నన్ను తిట్టెటందుకు నోరు ఊరబెడుతున్నవా?"

"అవ్ అన్నయ్యా. మిమ్ముల చూస్తేనే నోరు ఎండిపోతది."

నిజానికి ఎండేది నన్ను చూసి కాదు, ఆమె మింగే బిళ్ళ వల్ల.

మణుగూరు గనిలో పనిచేసిన మా వియ్యంకుడు దగ్గు జబ్బుతో పోయాక, ఆమె అన్నం ముందు పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చునేది. పిలిస్తే పలికేది కాదు. మా కోడలు ఖమ్మం తీసుకెళ్లి మనసు జబ్బుల డాక్టరుకు చూపించింది. ఆయనిచ్చిన బిళ్ళతో కొన్ని వారాలకు మళ్లీ తినడం, నన్ను తిట్టడం మొదలుపెట్టింది. బతికిందిలే అనుకున్నాం. ఒక ఆదివారం ప్రార్థన మందిరంలో పాటకు అందరితో పాటు చటుక్కున లేచి, అక్కడే కుప్పకూలింది.

లోపలివాళ్లు ఆత్మ దిగిందని హల్లెలూయా అన్నారు. బయట గుమిగూడినవాళ్లు పోయిన మొగుడి గాలి సోకిందన్నారు. ఆమె కళ్లు తెరిచి నా వైపు చూసి, "అన్నయ్యా, ఆయన చెయ్యి వదిలిండా?" అంది.

మరో ఆదివారం మళ్లీ పడింది. ఈసారి డాక్టరు దగ్గరికి నేనూ వెళ్లాను. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశాడు. నిలబడగానే దిగిపోయింది.

"మనిషి లేస్తే రక్తం కాళ్లల్లకు దిగుతది. నరాలు వెంటనే రక్తనాళాలను బిగించి పైకి తోస్తయి. ఈ బిళ్ళ ఆ బిగింపును వదులు చేస్తది. అందుకే కండ్లు చీకట్లు, గుండె దడ."

"అంటే వాచరు అరిగి నీళ్లు పైకెక్కని బోరింగు అన్నట్టు," అన్నాను. డాక్టరు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"అయితే బిళ్ళ మానేస్త. అందరు లేసినప్పుడు మందిరంల కూసునుడు నాతోని కాదు. దేవుని ముందట నేను కూసుంటే, ఆయన నిలబడాల్నా?"

"మానేస్తే మళ్ల ఆ గోడ దగ్గరికే పోతవమ్మా," అన్నాడు డాక్టరు. మోతాదు తగ్గించి, లేచే పద్ధతి నేర్పాడు. ముందు కూర్చునే కాళ్లు ఆడించాలి, తర్వాత మోకాళ్ల మీద ఆగాలి, ఆ తర్వాతే నిలబడాలి.

మందిరంలో ఆమె ఒక్కతే వెనకబడుతుంటే చూడలేక మా కోడలూ అలాగే లేవసాగింది. తర్వాత పక్కనున్నామె. కొన్నాళ్లకు ఆడవాళ్ల వైపు మొత్తం. "మీ అందరి వాచర్లు పోయినయా ఏంది?" అని అడిగి తిట్లు తిన్నాను. ఆమె మళ్లీ ఎన్నడూ పడలేదు.

ఈ మధ్యనే ఒకరోజు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చెప్పింది.

"డాక్టరు మాట నమ్మిన అన్నయ్యా. కానీ జల్దీ లేసి కండ్లకు చీకట్లొచ్చినప్పుడు మా ఆయన దగ్గు వినబడేది. మెల్లగ లేసుడు నేర్చుకున్నంక ఆయన వస్తలేడు."

"జల్దీ లేవాలనిపిస్తదా?" అని అడిగాను.

"రోజూ అనిపిస్తది. బిడ్డ ఉన్నది గదా. మెల్లగనే లేస్త."

నిన్న ఆదివారం పాట మొదలైంది. మగవాళ్లం ఒక్క ఉదుటున లేచాం. ఆడవాళ్లు మోకాళ్ల మీదికి వచ్చి అక్కడే ఆగిపోయారు. చాప మీద ఖాళీగా ఉన్న చోటు వైపే అందరి చూపూ. అక్కడెవరో నిలదొక్కుకునేదాకా లేవకూడదన్నట్టు ఉన్నారు. మొదటి చరణమంతా మా మగ గొంతులే పాడాయి.